పగడం లేని రీఫ్: అనంతపురంలో ఒక ఉప్పునీటి తొట్టి కేసు

అక్వేరియంలు అమర్చడం, వాటిని చూసుకోవడం నా వృత్తి. ఉప్పునీటి తొట్టి అనగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఏ చేపలు పెట్టాలి అని. అనంతపురంలాంటి చోట ఆ ప్రశ్న చివర్లో రావాలి. నీళ్ళు ఎక్కడివి, రాళ్ళు ఎక్కడివి, ఎండాకాలం ఎట్లా గడుస్తుంది, వాడేసిన ఉప్పునీళ్ళు ఎక్కడ పోస్తారు, ఈ నాలుగూ తేలాకే చేపల మాట. ఈ కేసులో నాలుగూ ఒకే ఇంట్లో ఎదురయ్యాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఆ కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు. హైస్కూలు చదివే కూతురు, భర్త తల్లి కూడా ఇంట్లో ఉంటారు. సొంత ఇల్లు, బోరు, ఇన్వర్టర్ ఉన్నాయి. పాప పుట్టినరోజుకి ఒక పెద్ద ఊరి షాపు నుంచి రెండున్నర అడుగుల తొట్టి, ఫిల్టరు, లైటు, ఐదు చేపలు తెప్పించారు. బోరు నీళ్ళను వంటింటి ఆర్ఓలో పట్టి, అందులో కల్లుప్పు కలిపి పొయ్యమని షాపువాళ్ళే చెప్పారు. వాళ్ళు చెప్పినట్టే చేశారు. తొట్టిని హాల్లో పడమటి గోడకు ఆనించి పెట్టారు.

సమస్య

ఏప్రిల్ మధ్యలో నన్ను పిలిచేటప్పటికి నాలుగు చేపలు చచ్చిపోయాయి. మిగిలిన ఒక్క క్లౌన్ చేప నీటి పైకి వచ్చి గబగబా మొప్పలాడిస్తోంది. ఏదైనా మందు వెయ్యమని ఇంటాయన తొందరపడ్డారు. నేను వెయ్యలేదు. ఊపిరి అందని చేపకు జబ్బు ఉండొచ్చు, నీళ్ళే బాగలేకపోవచ్చు. నీళ్ళు కొలవకుండా మందు వేస్తే రెంటిలో ఏది అసలు కారణమో ఎప్పటికీ తెలియదు.

కొలిస్తే సాయంత్రం నాలుగింటికి నీళ్ళు 32.5 డిగ్రీలున్నాయి. ఉప్పు 43 పీపీటీ (వెయ్యి వంతుల్లో 43 వంతులు) ఉంది, సముద్రంలో ఉండేది సుమారు 35. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా 0.5 పీపీఎం (పది లక్షల వంతుల్లో అర వంతు).

మూడూ కలిసి పనిచేస్తున్నాయి. సముద్రపు నీళ్ళు 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 32 దగ్గరికొస్తే 6కి పడిపోతుంది, ఉప్పు ఎక్కువైతే ఇంకా తగ్గుతుంది. పైగా వేడికి చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఇక అమ్మోనియా. పీహెచ్, అంటే నీటి ఆమ్ల క్షార గుణాన్ని చెప్పే కొలత, ఒక అంకె పెరిగితే అందులో విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది. మంచినీటి తొట్టిలో చేప తట్టుకునే అమ్మోనియా, పీహెచ్ 8 దాటిన ఉప్పునీటిలో మొప్పల్ని కాల్చేస్తుంది.

ఉప్పు 43కి ఎందుకు పోయిందో అడిగితే తెలిసింది. మట్టం తగ్గినప్పుడల్లా ఇంట్లోవాళ్ళు ఉప్పు కలిపిన నీళ్ళే పోస్తున్నారు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. కాబట్టి ఆవిరికి బదులు పోసేవి ఎప్పుడూ ఉప్పులేని శుద్ధమైన నీళ్ళే అయ్యుండాలి. ఉప్పునీటి తొట్టి పెట్టే ప్రతి ఇంట్లో నేను మొదట చెప్పేది ఇదే.

కల్లుప్పు సంగతి కూడా చెప్పాలి. అది దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, దాదాపు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, పొటాషియం, బైకార్బనేట్ ఉంటాయి. కల్లుప్పుతో నీళ్ళు ఉప్పగా అవుతాయి గానీ సముద్రపు నీళ్ళు కావు. రీఫ్ తొట్లకు అమ్మే ఉప్పు మిశ్రమమే వాడాలి. నూరు లీటర్లకు అది మూడున్నర కిలోల పైచిలుకు పడుతుంది.

బతికున్న చేపను నా దగ్గరున్న వేరే తొట్టికి మార్చి, రోజుకు రెండు పీపీటీ చొప్పున ఉప్పు తగ్గించుకుంటూ వచ్చాను. పెద్ద తొట్టిని ఖాళీ చేయించాను.

పగడాల ప్రశ్న

పాపకు కావాల్సింది రీఫ్, అంటే పగడాలు. ఆ షాపువాళ్ళు పగడపు ముక్కలు, సముద్రం నుంచి తెచ్చిన లైవ్ రాక్ (బ్యాక్టీరియా, చిన్న ప్రాణులు అంటుకుని ఉండే రాళ్ళు) పంపుతామని అప్పటికే ఆశ పెట్టి ఉన్నారు. ఇక్కడ నేను గట్టిగా ఉన్నాను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రీఫ్ కట్టే రాతి పగడాలన్నింటినీ 2001లో షెడ్యూల్ 1లో చేర్చారు. నల్ల పగడాలు, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లనే విసనకర్ర ఆకారపు పగడాలు కూడా అందులోనే ఉన్నాయి. పులికి ఏ షెడ్యూలో వీటికీ అదే. నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. లైవ్ రాక్ పేరుతో మన దగ్గర అమ్మేది చాలావరకు చచ్చిన పగడపు అస్థిపంజరమే. చచ్చిందని చట్టం వదలదు.

చట్టం లేకపోయినా నా జవాబు మారేది కాదు. మన్నార్ సింధుశాఖ దిబ్బల నుంచి విరిచిన ముక్క అనంతపురం హాల్లో ఒక ఎండాకాలం బతకడం కష్టం. అక్కడ అది ఎన్నో చేపపిల్లలకు ఇల్లు. మెత్తటి పగడాలు ఆ జాబితాలో లేవు కదా అని అమ్మేవాళ్ళు వాదిస్తారు. ఎక్కడ పెరిగిందో కాగితం చూపించలేని ప్రాణిని నేను తొట్టిలో పెట్టను. పాపకు ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను. "అయితే చేపలు కూడా సముద్రంలోంచే పట్టుకొస్తారా అంకుల్?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. చాలా జాతుల్ని అట్లాగే పడతారు. కొన్ని దేశాల్లో సయనైడ్ చల్లి మత్తెక్కించి కూడా పట్టారు. క్లౌన్ చేపల విషయం వేరు, వాటిని హ్యాచరీల్లో పుట్టించవచ్చు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ కూడా ఆ పద్ధతుల్ని అభివృద్ధి చేసింది. అందుకని చేపలు హ్యాచరీవి, రాళ్ళు మనం చేసుకున్నవి, పచ్చదనం సముద్రపు నాచుతో అని ఒప్పందానికి వచ్చాం.

రాళ్ళు

"మన కడప బండ కూడా సున్నపురాయే కదా సార్, ముక్కలు పేర్చేస్తే పోదా?" అన్నారు ఇంటాయన. దగ్గర్లో దొరికేదాన్ని వాడాలనే ఆలోచన మంచిదే, కానీ రాయి పని అందం ఒక్కటే కాదు. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాయి మీదా, దాని రంధ్రాల్లోనూ కాపురముంటుంది. కడప బండ బాగా గట్టిది, నున్నటిది, రంధ్రాలు దాదాపు ఉండవు. అది కరిగి కాల్షియం ఇస్తుందన్న నమ్మకం కూడా నిలవదు. పీహెచ్ 8 పైన ఉండే నీటిలో సున్నపురాయి కరగదు.

అందుకని రాళ్ళు మేమే పోసుకున్నాం. తెల్ల సిమెంటు ఒక వంతు, కోళ్ళ దాణాలో కలపడానికి అమ్మే ఆల్చిప్పల నూక మూడు వంతులు, మిగిలిపోయిన కల్లుప్పు రెండు వంతులు. నీళ్ళు తక్కువగా కలిపి, తడి ఇసుకలో గుంతలు చేసి, చేత్తో ముద్దలుగా వేశాం. గట్టిపడ్డాక నీళ్ళలో వేస్తే ఉప్పు గళ్ళు కరిగిపోయి, అవి ఉన్నచోటల్లా రంధ్రాలు మిగులుతాయి. నీటికి పనికిరాని ఉప్పు రాయికి సరిగ్గా పనికొచ్చింది. పాప ఒక ముద్దలోకి చీపురుపుల్లలు గుచ్చి సన్నటి సొరంగాలు చేసింది. ఆ రాయి తర్వాత తొట్టిలో నడిమధ్యకు వచ్చింది.

కొత్త సిమెంటు నీటి పీహెచ్‌ని 11 దాటిస్తుంది, చేపల్ని చంపేస్తుంది. డ్రమ్ములో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, పీహెచ్ 8.4 దగ్గర నిలకడగా ఆగేదాకా రెండు నెలలు ఆగాం. సిమెంటు తయారీకీ పర్యావరణ ఖర్చుంది, అయితే అది నాలుగైదు కిలోలతో, ఒక్కసారితో అయిపోతుంది. కడప బండ కూడా వృథా కాలేదు. దాని పలుచటి ముక్కల్ని అడుగున కాళ్ళలాగా పెట్టి రాళ్ళను ఎత్తాం. కింద నుంచి నీళ్ళు పారతాయి, గాజు మీద బరువు ఒకచోట పడదు.

గోధుమరంగు పొర, అవ్వ ప్రశ్న

జులైలో తొట్టి నింపి, చేపలు లేకుండానే అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియాను 2 పీపీఎంకి తెచ్చి బ్యాక్టీరియాను పెంచాం. పొడి రాళ్ళతో ఇది నెమ్మదిగా సాగుతుంది. ఆరు వారాలకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ ఒక్కరోజులో సున్నాకి దిగసాగాయి. కానీ అప్పటికే రాళ్ళ మీద, గాజు మీద గోధుమరంగు పొర కమ్మేసింది. తుడిస్తే మర్నాటికి మళ్ళీ వచ్చేది. లైటు వేళలు తగ్గించి చూశాం, తగ్గలేదు. ఇంకో కంపెనీ ఉప్పు మార్చి చూశాం, తగ్గలేదు.

ఆ పొర డయాటమ్‌లది. అవి కంటికి కనబడనంత చిన్న నాచు జీవులు, తమ ఒంటి పెంకును సిలికాతో, అంటే ఇసుకలో ఉండే పదార్థంతో కట్టుకుంటాయి. అనంతపురం కింద ఉన్నది గ్రానైట్, నీస్ శిలలు, బోరు నీటిలో సిలికా కరిగి వస్తుంది. ఆర్ఓ కొంత ఆపుతుంది, మొత్తం ఆపదు. ఇక్కడ చాలామంది మోసపోయేది నీటిలో కరిగిన లవణాల కొలత చూపించే టీడీఎస్ మీటరు దగ్గర. అది నీటిలో కరెంటు ఎంత పారుతుందో చూసి అంకె చెబుతుంది. సిలికా దాదాపు అయాన్లుగా విడిపోదు కాబట్టి ఆ అంకెలోకి రాదు. మీటరు బాగా తక్కువ చూపించినా సిలికా ఉండొచ్చు. ఆర్ఓ తర్వాత డీఐ రెజిన్ (నీటిలో మిగిలిన మలినాలను పట్టుకునే గుళికలు) పెట్టాం, పొర పలుచబడింది. కానీ రెజిన్ అలిసిపోయినప్పుడు మొదట జారిపోయేది కూడా సిలికానే, మళ్ళీ మార్చాలి.

ఇదే సమయంలో అవ్వ నన్ను నిలదీసింది. "ఏమప్పా, తాగేకే నీళ్ళు సాలవు, ఈ సేపలకు ఇన్ని నీళ్ళా?" ఆమె లెక్క సరైనదే. వంటింటి ఆర్ఓ లీటరు మంచినీరు ఇవ్వడానికి సుమారు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. నూరు లీటర్ల తొట్టి నింపడానికి మూడొందల లీటర్లు బయటికి పోయాయి. వాటిని వాకిలి కడగడానికి, బాత్రూముకు వాడుకున్నాం, అయినా బోరు లాగింది లాగిందే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఎండాకాలమంతా ఆవిరయ్యే నీటికి బదులు రోజుకు మూడు లీటర్ల ఆర్ఓ నీళ్ళు పోస్తూ ఇట్లా నడపడం నాకూ సమ్మతం కాదు.

సిలికాకీ అవ్వ ప్రశ్నకీ జవాబు ఒకటే అయ్యింది, వాన నీళ్ళు. వాన నీటిలో సిలికా చాలా తక్కువ, ఆర్ఓ అక్కర్లేదు, వదిలేసే నీళ్ళు ఉండవు. జింకు పూత రేకుల మీది నీళ్ళు మాత్రం వద్దన్నాను, జింకు వెన్నెముక లేని సముద్ర జీవులకు విషం. ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా ఇట్లాంటి కారణానికే వద్దన్నాను, అవి రాగి గొట్టాల మీదుగా వస్తాయి, రాగి కూడా వాటికి విషమే. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పున్న కొత్త టార్పాలిన్ మిద్దె మీద వాలుగా కట్టాం. పది మిల్లీమీటర్ల వానకు అరవై లీటర్లు వస్తాయి. మొదటి పది నిమిషాల నీళ్ళు దుమ్ముతో ఉంటాయి కాబట్టి వదిలేసి, తర్వాతవి బట్టలో వడకట్టి, ఆహారపదార్థాలకు వాడే మూత డ్రమ్ముల్లో పట్టారు. సెప్టెంబరు, అక్టోబరు వానలకు రెండు డ్రమ్ములు నిండాయి, నాలుగొందల లీటర్లు. వాడేముందు బొగ్గు ఫిల్టరు, చిన్న డీఐ గొట్టం గుండా పంపుతారు. ఆ నీళ్ళు దాదాపు మే ఆఖరుదాకా వచ్చాయి. వాన నీళ్ళు వాడటం మొదలుపెట్టిన కొన్ని వారాలకే గోధుమరంగు పొర దానంతటదే పోయింది.

నాచు, చేపలు

ఆగస్టులోనే ఎర్రటి గ్రాసిలేరియా నాచు తెప్పించి పెట్టాం. వారం తిరిగేసరికి రంగు వెలిసి, ముద్దముద్దగా కరిగిపోయింది. నైట్రేట్ ఉంది, లైటు ఉంది, మరి ఎందుకు పోయింది? ఫాస్ఫేట్ కొలిస్తే అసలు కనబడలేదు. కొత్త కాల్షియం కార్బనేట్ రాళ్ళు ఫాస్ఫేట్‌ని తమ మీద అంటించుకుంటాయి. చేపలు లేవు కాబట్టి మేత రూపంలో కొత్తది రావట్లేదు. నాచు ఆకలికి చచ్చింది. వరస మార్చాం. ముందు చేపలు, వాటికి మేత, ఆ తర్వాత నాచు.

సెప్టెంబరు ఆఖర్లో పాత క్లౌన్ చేప తిరిగొచ్చింది. దానికి తోడుగా హ్యాచరీలో పుట్టిన చిన్నదాన్ని తెచ్చాం. చిన్నదే ఎందుకంటే, క్లౌన్ చేపలన్నీ మగగానే ఎదుగుతాయి, జతలో పెద్దది ఆడగా మారుతుంది. సమాన సైజు రెంటిని పెడితే ఆ స్థానం కోసం కొట్టుకుంటాయి. ఎనిమోన్ (సముద్రంలో క్లౌన్ చేపలు దాక్కునే, పువ్వులా ఉండే ప్రాణి) పెట్టలేదు, ఇవి అది లేకుండా హాయిగా బతుకుతాయి. నూరు లీటర్లకు ఈ రెండు చాలు. గాజు మీది పాచి తినడానికి సముద్రపు నత్తలు కొనలేదు. పాప పాత ఏటీఎం కార్డుతో ఆదివారం గీకుతుంది.

నవంబరులో కీటోమార్ఫా పెట్టాం, పచ్చటి దారపు చిక్కులా ఉండే నాచు. వెనక అరలో వేసి, ముందు లైటు ఆరాక దానికి లైటు వెలిగేట్టు చేశాం. రాత్రిపూట అది కార్బన్ డయాక్సైడ్ లాక్కుంటుంది కాబట్టి తెల్లవారేసరికి పీహెచ్ పడిపోవడం తగ్గింది. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం మధ్య నిలబడింది. దానితో నీళ్ళు మార్చడం నెలకు పది లీటర్లకు దిగింది.

ఎండాకాలం

చిల్లర్, అంటే తొట్టి నీటిని చల్లబరిచే యంత్రం, కొందామని ఇంటాయన మొదట్నుంచీ అంటున్నారు. చిన్న చిల్లర్ నడిచినంతసేపు నూటయాభై వాట్లదాకా లాగుతుంది, ఆ వేడిని మళ్ళీ అదే హాల్లోకి వదులుతుంది. అంతకుముందు ఏడాది ఐసు బాటిళ్ళు వేస్తే గంటలో మూడు డిగ్రీలు దిగి, మళ్ళీ ఎక్కేది. ఆ ఊగిసలాట చేపకు వేడికంటే చెడ్డది.

నేను ఫ్యాన్లకే ఓటేశాను, కారణం మన గాలి. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి పడుతుంది. నూరు లీటర్ల తొట్టిని ఒక డిగ్రీ దించడానికి దాదాపు 400 చాలు. బయట 40 డిగ్రీలున్నా గాలిలో తేమ 20 శాతమే ఉంటే, తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు 22 దగ్గర ఆగుతుంది, అంటే ఆవిరి నీటిని అటువైపు చల్లబరుస్తుంది. కోస్తాలో మే నెల ఉక్కపోతలో ఈ సౌకర్యం లేదు, అక్కడి తొట్లకు చిల్లర్ తప్పకపోవచ్చు. అనంతపురం పొడి ఎండ ఇక్కడ మనకు సాయం చేస్తుంది.

తొట్టిని పడమటి గోడ దగ్గర్నుంచి లోపలి గదికి మార్చాం. గాజు మూత తీసి వల మూత వేశాం. కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల ఫ్యాన్లు రెండు నీటి మీదికి వాలుగా బిగించి, 27 డిగ్రీలు దాటితే తిరిగేట్టు కంట్రోలర్ పెట్టాం. మట్టం తగ్గగానే క్యాన్ నుంచి వాన నీళ్ళు పడేట్టు ఫ్లోట్ స్విచ్ అమర్చాం. ఇది లేకుండా ఫ్యాన్లు పెడితే పాత కథే, ఉప్పు పెరుగుతుంది.

మే నెలలో గది 36, 37 డిగ్రీలున్న మధ్యాహ్నాల్లో నీళ్ళు 28.2 దాటలేదు. ఉప్పు 35, 36 మధ్యే ఉంది. రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్లు ఆవిరయ్యాయి. పంపు, ఫ్యాన్లు కలిపి ఇరవై వాట్లే కాబట్టి కరెంటు పోయిన రాత్రుల్లో ఇంటి ఇన్వర్టర్ సరిపోయింది. లైట్లతో కలిపి నెలకు పాతిక యూనిట్ల లోపే.

వాడేసిన ఉప్పునీళ్ళు

నెలకు పది లీటర్లంటే 350 గ్రాముల ఉప్పు. కొంచెమే కదా అనిపిస్తుంది. తొట్టి కొత్తలో అవ్వ ఒక బకెట్ నీళ్ళు పారబోయడం ఇష్టంలేక పెరట్లో కరివేపాకు మొదట్లో పోసింది. పది రోజులకు ఆకుల కొసలు మాడాయి, తర్వాత చెట్టే సగం ఎండింది. ఎక్కువ వానలు పడని చోట నేలలోకి చేరిన ఉప్పు కిందికి కొట్టుకుపోదు, అక్కడే పేరుకుంటుంది. ఇంకుడుగుంతలో పోస్తే బోరుకే చేటు, కాలువలో పోస్తే చెరువుకు.

ఇప్పుడు ఆ నీళ్ళను మిద్దె మీద వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేల్లో ఎండబెడుతున్నారు. మేలో మూడు నాలుగు రోజులకు అడుగున తెల్లటి పొర మిగులుతుంది. దాన్ని గీకి, సంచిలో కట్టి పొడి చెత్తతో ఇచ్చేస్తారు. రాళ్ళు నానబెట్టిన నీళ్ళనూ అట్లాగే ఎండబెట్టాం. వానాకాలంలో ఎండదు, అప్పుడు ఒక మూత డ్రమ్ములో దాచిపెట్టాల్సి వస్తోంది. ఇంతకంటే మంచి దారి నాకింకా దొరకలేదు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

కొత్తవాళ్ళ ఇంటికి వెళ్తే ముందు మిద్దె చూస్తాను, టార్పాలిన్ కట్టడానికి, ట్రేలు పెట్టడానికి చోటుందా అని. టీడీఎస్ మీటరుతో పాటు సిలికేట్ టెస్ట్ కిట్ కూడా తీసుకెళ్తున్నాను. తొట్టి నింపే పని వానాకాలం తర్వాతకు వాయిదా వేయిస్తున్నాను. ఈ ఇంట్లో జులైలో నింపడం వల్లనే అంత ఆర్ఓ నీరు పోయింది. రెండు నెలలు రాళ్ళు నానడానికి, నెలన్నర బ్యాక్టీరియాకు ఆగలేమన్నవాళ్ళకు రీఫ్ వద్దనే చెబుతున్నాను. షాపులో అన్నీ రెడీగా దొరికేటప్పుడు ఇంత ఆగడమెందుకని కొందరు వెళ్ళిపోయారు, పోనివ్వండి.

ఎండాకాలం సెలవులకు ఇల్లు తాళం వేసుకుని ఊరెళ్ళేవాళ్ళా అని కూడా అడుగుతాను. మే నెలలో రోజూ క్యాన్ నింపే మనిషి లేని ఇంటికి మంచినీటి తొట్టి పెట్టిస్తున్నాను. ఈ కుటుంబం ఊరెళ్ళినప్పుడు క్యాన్ నింపే పని అవ్వ చూసుకుంటోంది.